చిన్న పడవలో వేటకు వెళ్లేవారికి ఏ రక్షణ సామగ్రి ఉండాలి?

ఒడిశా రాష్ట్రం గంజాం జిల్లాలోని గోపాలపూర్, సోనాపూర్ తీరాల నుంచి ఫైబర్ పడవల్లో వేటకు వెళ్లే మన తెలుగు మత్స్యకారులు ముందుగా సమకూర్చుకోవలసింది లైఫ్ జాకెట్. అయితే దాన్ని వలల కింద పడేసి తీసుకెళ్తే ప్రయోజనం లేదు. అలలు విరిగే చోట పడవ తిరగబడితే వెతికి తొడుక్కునే వ్యవధే ఉండదు. ఒడ్డునే తొడుక్కుని, పట్టీలు బిగించి, తోటివారి చేత భుజాల దగ్గర పైకి లాగించి చూడాలి. జాకెట్ చెవుల దాకా జారి వస్తే అది వదులుగా ఉన్నట్టే.

లోతుకు వెళ్లాక మొబైల్ సిగ్నల్ అందదు కనుక, 16వ ఛానెల్‌లో ఆపద కబురు పంపే వీహెచ్ఎఫ్ రేడియో గాని, ఇస్రో రూపొందించిన ఉపగ్రహ సంకేత పరికరం 'డాట్' గాని తప్పనిసరిగా ఉండాలి. సిగ్నల్ ఉన్నచోట కోస్ట్ గార్డ్ నంబరు 1554.

పడవ బోల్తా పడినా, తేలుతున్నంతసేపు దాన్ని వదలకూడదు. ఈత బాగా వచ్చిన కుర్రవాళ్లకు ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి: నీటి మట్టం నుంచి చూస్తే ఒడ్డు దూరం సరిగా అంచనాకు రాదు, పైగా గాలించేవారికి మనిషి తల కన్నా పడవే త్వరగా కనిపిస్తుంది. ఎంత దాహమైనా సముద్రపు నీరు తాగరాదు. అందులోని ఉప్పును బయటకు పంపడానికి శరీరం తాగినదానికన్నా ఎక్కువ నీటిని కోల్పోతుంది. అందుకే మంచినీళ్ల క్యాన్‌ను పడవకు తాడుతో కట్టి ఉంచాలి.