ఐర్లండ్ పాడిలో మొదటి మూడు నెలలు: డబ్బు ఎక్కడెక్కడ కారిపోతుంది

సందేహం: మాది ప్రకాశం జిల్లా. ఇంట్లో నాలుగు గేదెలున్నాయి, పాలు పితకడం వచ్చు. కార్క్ కౌంటీలో 140 ఆవుల ఫామ్‌లో పని దొరికింది. జనవరి చివర చేరాలి. ఉండటానికి ఇల్లు వాళ్లే ఇస్తామన్నారు. ఏం తెచ్చుకోవాలి, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

తమ్ముడూ, ఏం తెచ్చుకోవాలో చివర్లో చెబుతాను. ముందు నువ్వు అడగని సంగతి చెప్పాలి. నువ్వు దిగేది సరిగ్గా ఈతల కాలంలో. ఇక్కడ పాడి పచ్చిగడ్డి మీద నడుస్తుంది. గడ్డి ఏపుగా వచ్చే వేళకి పాలు కూడా దిగాలని మందంతా ఫిబ్రవరి, మార్చిల్లో ఈనేట్టు కట్టిస్తారు. ఆరు వారాల్లో నూటికి 90 ఆవులు ఈనాలన్నది వాళ్ల గురి. కొన్ని రాత్రుళ్లు ఐదారు ఈతలు పడతాయి. ఆ హడావిడిలో పని దానంతటదే వచ్చేస్తుంది, డబ్బు లెక్క మాత్రం చెయ్యి జారిపోతుంది. నాకూ జారింది. నా తర్వాత వచ్చిన కుర్రాళ్లు కూడా అక్కడే దెబ్బతిన్నారు. అందుకని డబ్బుతోనే మొదలుపెడుతున్నాను.

దిగిన వారంలోనే పీపీఎస్ నంబరుకు, అంటే పన్నుకీ ప్రభుత్వ సేవలకీ వాడే గుర్తింపు సంఖ్యకు, దరఖాస్తు పెట్టు. నంబరు వచ్చాక యజమానికి చెబితే చాలనుకోవడం నేను చేసిన మొదటి తప్పు. పన్నుల శాఖ వారి మైఅకౌంట్‌లోకి నువ్వే వెళ్లి ఈ ఉద్యోగాన్ని నమోదు చేసుకోవాలి. అసలు నంబరే లేకపోతే మొదటి జీతం నుంచే నూటికి 40 చొప్పున ఎమర్జెన్సీ పన్ను, దానికి తోడు యూఎస్‌సీ అనే ఇంకో పన్ను నూటికి 8 పట్టేస్తారు. వారానికి 600 యూరోలు అనుకో: పన్నుకి 240, యూఎస్‌సీకి 48 పోతాయి. అదే నమోదు అయి ఉంటే ఒంటరివాడికి రాయితీలు పోను పన్ను 43 యూరోల దగ్గర ఆగుతుంది. నంబరు ఇచ్చి నమోదు మరిచిపోతే నాలుగు వారాలు కాస్త నయంగా ఉంటుంది, ఐదో వారం నుంచి మళ్లీ 40. ఎక్కువ పట్టింది నమోదయ్యాక వెనక్కి వస్తుంది, అది నిజమే. కానీ అప్పు తీర్చాల్సిన నెలల్లో ఆ డబ్బు నీ చేతిలో ఉండదు. పని పర్మిట్, 90 రోజుల్లో చేసుకోవాల్సిన ఐఆర్‌పీ కార్డు (ఇక్కడ ఉండటానికి నమోదు కార్డు), దాని 300 యూరోల ఫీజు, ఇవన్నీ ప్రభుత్వ సైట్లలో ఉన్నాయి, అక్కడ చూసుకో. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. పర్మిట్ ఖర్చు నీ జీతంలోంచి కోయడానికి చట్టం ఒప్పదు. మన ఊళ్లో ఏజెంటు ఆ పేరుతో డబ్బు అడిగితే ఇవ్వకు.

రెండోది గంటల పుస్తకం. పొద్దున ఐదున్నరకి పాలు, మధ్యాహ్నం రెండు గంటల విరామం, సాయంత్రం పాలు, రాత్రి పదకొండుకి ఈనే ఆవుల్ని చూడటం. ఆ రాత్రి చూపు పనే. దాన్ని ఎవరూ లెక్కలో రాయరు, నువ్వు రాయాలి. జేబులో పట్టే చిన్న పుస్తకం కొను. ఎక్కిన టైము, దిగిన టైము, రాత్రి ఎన్నిసార్లు లేచావో ఏ రోజుకారోజు రాసుకో. ఆదివారం కూర్చుని గుర్తు చేసుకుంటే రోజుకు అరగంట అయినా తక్కువే వస్తుంది. వ్యవసాయంలో వారానికి 48 గంటల పరిమితిని 6 నెలల సగటు మీద చూస్తారు. అంటే మార్చిలో 60 చేసినా తప్పు కాకపోవచ్చు, కానీ చేసిన ప్రతి గంటకీ డబ్బు రావాలి. కనీస వేతనం 2026 జనవరి నుంచి గంటకు 14.15 యూరోలు. జీతం ఏడాదికింత అని మాట్లాడుకున్నా, చేసిన గంటలతో భాగించి చూడు. దానికన్నా కింద పడుతోందంటే పుస్తకం తీసుకెళ్లి మర్యాదగా అడుగు. ఇక్కడి రైతులు ముఖం మీద అడిగితే నొచ్చుకునేవాళ్లు కారు. మనవాళ్లే మొహమాటపడి ఏడాది గడిపేస్తారు.

ఇల్లు ఇస్తారంటే సంబరపడకు, మూడు ప్రశ్నలు అడుగు: కరెంటు ఎవరిది, హీటింగ్ ఆయిల్ ఎవరిది, ఇంటర్నెట్ ఎవరిది? ఇంటి వెనక ట్యాంకులో పోసేది కిరోసినే. సాధారణంగా 500 లీటర్లు ఒకేసారి పోయించుకుంటారు, బిల్లు ఒక్కసారే మీద పడుతుంది. ఇంటికని జీతంలో ఎంత కోస్తారో కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టు.

ఇక పాలు. నాలుగు గేదెల అనుభవం మంచిదే, కానీ అందులో సగం ఇక్కడ అడ్డం వస్తుంది. మన గేదె దూడ కుడిస్తేగానీ చేపదు. ఇక్కడ దూడని మొదటి రోజే వేరు చేస్తారు. ఆవు చన్ను మీద చెయ్యి పడితే చేపుతుంది, అప్పటి నుంచి ఒకటి, ఒకటిన్నర నిమిషంలో క్లస్టర్, అంటే నాలుగు చన్నులకీ తగిలించే పాల యంత్రం గిన్నెలు, పెట్టాలి. మనవాళ్లు చేసే తప్పు పొదుగంతా నీళ్లు కొట్టి కడగడం. తడి పొదుగు మీది నీరు పేడ సూక్ష్మజీవులన్నిటినీ మోసుకుని చన్ను కొనకి దిగుతుంది, అక్కడి నుంచి ఆ గిన్నెల లోపలి రబ్బరు గొట్టం, లైనర్‌లోకి, లైనర్ నుంచి ట్యాంకులోకి పోతుంది. పొదుగు శుభ్రంగా ఉంటే నీళ్లు ముట్టుకోకు. పేడ అంటితే చన్నులు మాత్రమే కడుగు, ఒక్కో ఆవుకి ఒక్కో కాగితంతో పొడిగా తుడువు. ముందు రెండు మూడు ధారలు నేల మీదకి పిండి చూడు, చేతిలోకి పిండకు. తునకలు గానీ నీళ్లలాంటి పాలు గానీ కనిపిస్తే పొదుగువాపు. తీసేటప్పుడు వాక్యూమ్ ఆపి, క్లస్టర్ దానంతట అది జారేదాకా ఆగు. గుంజితే గాలి లోపలికి కొట్టి పాల తుంపరలు పక్క చన్నులోకి ఎదురెక్కుతాయి, రోగం అలాగే పాకుతుంది. తర్వాత నాలుగు చన్నులకీ కింది నుంచి మందు స్ప్రే కొట్టు. ఆవుకి 15 మిల్లీలీటర్లు పట్టాలి. చివరి వరసకి వచ్చేసరికి చెయ్యి బద్ధకిస్తుంది, పొదుగువాపుని పట్టిచ్చే పాలలోని కణాల లెక్క పెరిగేది అక్కడే. లీటరు ధరలో ఆ లెక్క కూడా చూస్తారు. మిల్లీలీటరుకి 4 లక్షలు దాటితే పాలు తీసుకోవడమే కష్టం.

అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇంకొకటుంది. పొదుగులోకి యాంటీబయాటిక్ ట్యూబు ఎక్కించిన ఆవు పాలు ట్యాంకులో పడటం. మే నెలలో 140 ఆవులు రోజుకి 25 లీటర్ల చొప్పున ఇస్తే రెండు రోజుల ట్యాంకు 7000 లీటర్లు. లీటరు 40 సెంట్లకి లెక్కేసినా 2800 యూరోలు నేలపాలు. అది ఎలా జరుగుతుందో చెబుతాను, జాగ్రత్తగా చదువు. పాలు తీసే పార్లర్‌లో ఒక చేత్తో ట్యూబు ఎక్కిస్తారు, తర్వాత మందు వేసిన ఆవుకి గుర్తుగా చుట్టే ఎర్ర టేపు వెతుకుతారు. అంతలో గేటు తెరుచుకుంటుంది, ఆవు మందలో కలిసిపోతుంది. సాయంత్రం ఇంకొకడు పాలు తీస్తాడు, వాడికి ఏమీ తెలియదు. కాబట్టి టేపు ముందు, ట్యూబు తర్వాత. రెండు వెనక కాళ్లకీ టేపు చుట్టు, ఒకటి ఊడినా రెండోది ఉంటుంది. బోర్డు మీద ఆవు నంబరు, ఏ చన్ను, మందు పేరు, తేదీ, పూట, ఎప్పటి నుంచి పాలు ట్యాంకులో పోయొచ్చో రాశాకే చేతి తొడుగులు విప్పు. ఆ ఆవుని చివర్లో, విడి బకెట్‌లోకి పితుకు. పొరపాటున పడిందని అనుమానం వస్తే ట్యాంకర్ రాకముందే యజమానిని లేపు, అర్ధరాత్రయినా సరే. అప్పుడైతే నష్టం ఆ ట్యాంకుతో ఆగుతుంది. దాచిపెడితే ట్యాంకర్‌లోని మిగతా రైతుల పాలు కూడా పోతాయి. కొత్తగా ఈనిన ఆవు పాలు కూడా మొదటి 8 పూటలు ట్యాంకులో పోయకు.

పాల యంత్రం కడుగుడు సంగతి: 16 యూనిట్ల (ఒక్కో యూనిట్ అంటే ఒక్కో క్లస్టర్) పార్లర్‌కి యూనిట్‌కి 9 లీటర్లు, అంటే 144 లీటర్ల వేడి నీళ్లు కావాలి. మొదలు 75 నుంచి 80 డిగ్రీలు ఉండాలి, 8 నుంచి 10 నిమిషాలు తిప్పి, చల్లారకముందే వదిలెయ్యాలి. చల్లారితే కరిగిన కొవ్వు మళ్లీ పైపుకే అంటుకుంటుంది. తర్వాత యూనిట్‌కి 14 లీటర్ల చన్నీళ్లు. క్లోరిన్ ఇక్కడ 2021 నుంచి వాడకూడదు, అవశేషాలు వెన్నలో తేలతాయి.

దూడకి లెక్క సులువు. మొదటి పితుకుడు ముర్రుపాలే, 2 గంటల్లోపు, 3 లీటర్లు. జున్నుకని ఒక గిన్నె తీసుకోవాలనిపిస్తుంది. రెండో పూటది అడిగి తీసుకో.

డబ్బుతో సంబంధం లేని మాట ఒక్కటే. స్లాట్ల షెడ్డు, అంటే నేలంతా సందులున్న పలకలుండే షెడ్డు, కింద పేడ ట్యాంకు ఉంటుంది. దాన్ని కలపడం మొదలుపెడితే హైడ్రోజన్ సల్ఫైడ్ లేస్తుంది. మొదట కుళ్లిన గుడ్డు వాసన, కాస్త ఎక్కువైతే వాసనే తెలియకుండా పోతుంది, ఆ తర్వాత ఒక్క గుక్కకి మనిషి కూలిపోతాడు. గాలి వీచే రోజే కలపాలి, తలుపులన్నీ తెరిచి, ఆవుల్ని బయటికి తోలి, మొదలయ్యాక కనీసం 30 నిమిషాలు ఎవరూ దగ్గరికి పోకూడదు. లోపల ఎవరైనా పడితే నువ్వు దిగకు, 999కి ఫోన్ చెయ్యి. పొలంలో తిరిగే నాలుగు చక్రాల క్వాడ్ బండి ఎక్కాలంటే 2023 నవంబరు నుంచి శిక్షణ, హెల్మెట్ తప్పనిసరి. ఆ ఏర్పాటు యజమానిది.

మన డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చి ఇక్కడిది మార్చుకునే వీలు లేదు. థియరీ పరీక్షతో మొదలుపెట్టాలి, నెలలు పడుతుంది, కాబట్టి ఫిబ్రవరిలోనే కట్టు. పల్లెల్లో లోకల్ లింక్ బస్సు ఉంటే దాని టైములు రాసుకో. తొందరపడి కారు కొంటే కొత్త డ్రైవర్‌కి ఇన్సూరెన్స్ కారు ధరనే మించిపోవచ్చు.

ఇంకో చిన్న సంగతి. యజమాని "యూ మైట్ లుక్ ఎట్ దట్ కౌ" అంటే వీలుంటే చూడమని కాదు, ఇప్పుడే చూడమని. ఇక్కడి మర్యాద అంతే.

తెచ్చుకోవాల్సినవి: లోపల వేసుకునే ఉన్ని బనీన్లు, మందపాటి మేజోళ్లు ఆరు జతలు, కందిపొడి, ఊరగాయ, స్టీలు గిన్నె ఒకటి. బూట్లు, వానకోట్లు ఇక్కడే కొనుక్కోవచ్చు, మన బజారు రబ్బరు బూట్లలో కాళ్లు గడ్డకడతాయి. బియ్యం మోసుకురాకు, కార్క్‌లో దొరుకుతాయి. పాలు కొనకు, యజమానిని అడిగితే ట్యాంకులోంచి పట్టుకోమంటాడు. పచ్చిపాలు కాబట్టి పొంగేదాకా కాచు. గోరువెచ్చగా అయ్యాక తోడేసి, వేడినీళ్ల ట్యాంకు ఉండే అలమరలో, దాన్ని ఇక్కడ హాట్ ప్రెస్ అంటారు, రాత్రంతా ఉంచు. వంటగది గట్టు మీద పెడితే రెండు రోజులైనా తోడుకోదు, హాట్ ప్రెస్‌లో పొద్దున పాలకి లేచేసరికి గిన్నె వంచినా కదలని పెరుగు ఉంటుంది.