విమానాల మాటలు వినే అల్లుడికి

అల్లుడూ,

కొత్త రిసీవర్‌లో 8.33 మోడ్ (ఛానల్‌కీ ఛానల్‌కీ మధ్య 8.33 కిలోహెర్ట్జ్ ఎడం) పెట్టాక విమానాల మాటలు మునుపటికన్నా తక్కువ దొరుకుతున్నాయని రాశావు. సెట్టు బాగానే ఉంది. ఆ మోడ్ ఐరోపా అవసరం. అక్కడ ఛానళ్లు చాలక 25 కిలోహెర్ట్జ్ జాగాను మూడు ముక్కలు చేశారు. 1999లో బాగా ఎత్తున ఎగిరేవాటితో మొదలెట్టి, 2018కల్లా కింద ఎగిరేవాటికీ తెచ్చారు. పర్లాకిమిడిలో వినడానికి 25 మెట్టే పెట్టు. 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ దాకా 25 చొప్పున 760 ఛానళ్లు, 8.33 అయితే 2,280. స్కానర్ ఒక చుట్టు తిరిగొచ్చేలోగా పైలట్ చెప్పాల్సింది చెప్పేసి ఊరుకుంటాడు.

ఎక్కువమంది బోల్తా పడేది అంకెల దగ్గర. 118.005 అనేది ఛానల్ పేరు మాత్రమే, దాని అసలు ఫ్రీక్వెన్సీ 118.000. అలాగే 118.010 అంటే 118.0083, 118.015 అంటే 118.0167. చివర 00, 25, 50, 75 ఉంటే 25 మెట్టుది. 05, 10, 15, 30 లాంటివి కనిపిస్తే 8.33ది, నెట్‌లో అలాంటి జాబితా దొరికితే పక్కన పడెయ్. పైలట్ 132 డెసిమల్ 72 అంటే 132.725 రాసుకో. చివరి 5ని మింగేయడం పాత అలవాటు.

మోడ్ ఏఎం, అంటే గొంతును బట్టి తరంగం బలం మారే పద్ధతి. కంప్యూటర్‌కి తగిలించే డాంగిల్ అయితే ఫిల్టర్ వెడల్పు 8 నుంచి 10 కిలోహెర్ట్జ్ పెట్టి మొదలెట్టు. మాట నిలకడగా ఉండి హోరు ఎక్కువైతే 6కి దించు. గొంతు 3 కిలోహెర్ట్జ్ దాకా పోతుంది, ఏఎంలో అది రెండు పక్కలా పరుచుకుంటుంది, కాబట్టి 6 కన్నా తగ్గిస్తే మాట మూసుకుపోతుంది. చవక డాంగిల్ 20 పీపీఎం (పది లక్షలకు 20 వంతులు) తప్పితే 127 మెగాహెర్ట్జ్ దగ్గర రెండున్నర కిలోహెర్ట్జ్ పక్కకి జరుగుతుంది. ముందు అది సరిచెయ్, తరవాతే ఫిల్టర్ బిగించు.

ఏంటెనాకి 56 సెంటీమీటర్ల రాగి కడ్డీలు రెండు చాలు. డాబా మీద ఒకదాని కింద ఒకటి, నిలువుగా. కోయాక్స్ కేబుల్ మధ్య తీగ పైదానికి, దాని చుట్టూ ఉండే తీగల అల్లిక కిందదానికి. అడ్డంగా కడితే సిగ్నల్ చాలామటుకు పోయినట్టే. 11,000 మీటర్ల ఎత్తులో విమానం 430 కిలోమీటర్ల దాకా వినపడొచ్చు. నేల మీది కంట్రోలర్ వినపడడు, భువనేశ్వర్ వైపు ఈశాన్యాన మహేంద్రగిరి కూడా అడ్డం. ఒకవైపు మాటలే వస్తున్నాయని కేబుల్ విప్పకు.

రిసీవర్‌కి లైసెన్సు నిబంధనలేంటో కనుక్కో. విన్నది రికార్డు చేసి గ్రూపుల్లో పెట్టకు. మాట్లాడే వీలున్న సెట్టు మాత్రం ఇంట్లోకే తేవద్దు.

మీ మావయ్య