నాన్నకి మెసోథెలియోమా అన్నారు, లాయర్ని ఎలా పెట్టుకోవాలి?

ప్రశ్న: లాయరు గారూ, మాది సోంపేట దగ్గర పల్లె. మా నాన్నకి 60 ఏళ్ళు. 1997లో గంజాం వాళ్ళ జట్టుతో గుజరాత్‌లో అలంగ్ వెళ్ళి 2011 దాకా పాత ఓడలు విరగ్గొట్టే యార్డుల్లో కాంట్రాక్టర్ కింద పనిచేసారు, పైపులకి చుట్టి ఉండే తెల్లటి పీచు పీకడమే ఎక్కువగా ఆయన పని. ఏడాదిన్నరగా ఆయాసం. టీబీ అన్నారు, ఆరు నెలలు మందులు వాడాం, తగ్గలేదు. మూడు నెలల కిందట విశాఖలో ముక్క తీసి పరీక్ష చేసి మెసోథెలియోమా, అంటే ఊపిరితిత్తుల మీది పొరకి వచ్చే కేన్సర్, అని తేల్చారు. మొన్న ఒకాయన ఇంటికొచ్చి కోటి రూపాయలు ఇప్పిస్తాం, వచ్చినదాంట్లో 30 శాతం మాది అంటా ఖాళీ కాగితాల మీద నాన్న సంతకాలు అడిగారు. పెట్టమంటారా? ఇలాంటి కేసుకి మంచి లాయర్ని ఎలా వెతుక్కోవాలి?

జవాబు: అమ్మా, ఆ కాగితాల మీద సంతకం పెట్టొద్దు. ఇప్పటికే ఒకటో రెండో పెట్టేసి ఉంటే వాటిని రద్దు చేసుకుంటన్నామని ఒక ఉత్తరం రాసి రిజిస్టర్ పోస్టులో పంపి, రసీదు జాగ్రత్తగా దాచండి.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తన్నానంటే, మన దేశంలో లాయర్ గెలిచిన డబ్బులో వాటా తీసుకోకూడదు. బార్ కౌన్సిల్ రూల్సులోనే ఉంది. తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో, భర్త యాక్సిడెంట్‌లో పోతే వచ్చిన పరిహారంలో శాతం లెక్కన ఫీజు అడిగి ఒకావిడ దగ్గర చెక్కు తీసుకుని, అది చెల్లకపోతే ఆవిడ మీదే చెక్కు బౌన్సు కేసు పెట్టారు లాయరు గారు. 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది, శాతం ఫీజు చెల్లదని తేల్చి చెప్పింది. మీ ఇంటికొచ్చినాయన లాయర్ కూడా కాకపోతే మరీ ప్రమాదం. మీరు యూట్యూబ్‌లో ఈ జబ్బు పేరు కొట్టి చూసే ఉంటారు, గెలిస్తేనే ఫీజు, కోట్ల పరిహారం అని ప్రకటనలు వస్తాయి, అవన్నీ అమెరికావి. అక్కడ వాటా ఫీజు చట్టబద్ధం, దివాలా తీసిన ఆస్బెస్టాస్ (నాన్న గారు పీకిన ఆ పీచు, ఈ జబ్బు తెచ్చేది అదే) కంపెనీలు పరిహారం ఇవ్వడానికి పెట్టిన ట్రస్టులు కూడా ఉన్నాయి, మన దారి వేరు. ఇక్కడ లాయర్లు ప్రకటనలు ఇవ్వకూడదు కూడా, అంచేత ఇంత ఇప్పిస్తానని గోడ మీదో ఫోన్లోనో ప్రచారం చేసుకునేవాళ్ళని అక్కడే వదిలేయండి.

కోటి అన్నది ఎక్కడ్నించి వచ్చిందో నాకు తెలీదు గానీ పాత చట్టం, అంటే ఉద్యోగుల పరిహార చట్టం, లెక్క ఇలా ఉంటాది. పూర్తిగా పని చెయ్యలేని స్థితి అయితే నెల జీతంలో 60 శాతాన్ని వయసు బట్టి ఉండే ఒక అంకెతో గుణిస్తారు. 60 ఏళ్ళకి ఆ అంకె 117.41. జీతం ఎంత ఎక్కువ ఉన్నా 2020 జనవరి నుంచి 15,000 వరకే లెక్కలోకి తీసుకుంటన్నారు. ఆ పైమెట్టు జీతం పట్టుకున్నా 9,000 ఇంటూ 117.41, అంటే 10,56,690 రూపాయలు. నాన్న గారి అప్పటి కూలి తక్కువైతే ఇంకా తగ్గుతాది, లేటు చేసినందుకు యజమాని 12 శాతం వడ్డీ కట్టాలి, తగిన కారణం లేకుండా ఎగ్గొడితే పెనాల్టీ కూడా పడొచ్చు. చిన్న మొత్తం కాదు, కానీ కోటీ కాదు. ఈ లెక్క మీ ముందు కాగితం మీద వేసి చూపించే లాయరైతే ఆ మనిషికి ఈ పని తెలుసనుకోవచ్చు.

ఇప్పుడు అసలు చిక్కు. ఆస్బెస్టాస్ పీచు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాక మెసోథెలియోమా బయటపడ్డానికి ఇరవై ముప్పై ఏళ్ళు, ఒక్కోసారి నలభై ఏళ్ళు కూడా పడుతుంది. ఆ పాత చట్టంలో క్లెయిము వెయ్యడానికి గడువు రెండేళ్ళు. నాన్న పని మానేసి పద్నాలుగేళ్ళు పైనే అయింది కదా, అవతలి లాయర్ లేచిన వెంటనే ఇదే అంటాడు, గడువు దాటిపోయిందండి అని. దీనికి జవాబు అదే చట్టంలో ఉంది. ఉద్యోగం మానేసాక వచ్చిన వృత్తి జబ్బుకి కూడా పరిహారం ఉంటాదని మూడో సెక్షన్‌లో రాసుంది, ఆస్బెస్టాస్ వల్ల వచ్చే మెసోథెలియోమా ఆ చట్టం మూడో షెడ్యూల్లో పేరుతో సహా ఉంది, తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం పదో సెక్షన్‌లో ఈ కేసులు వినే అధికారికి, అంటే కమిషనర్‌కి, ఇచ్చారు. ఆరు నెలలు టీబీ మందులు మింగిన మనిషికి జబ్బు పేరే మూడు నెలల కిందట తెలిసింది, ఇంతకంటే తగిన కారణం ఏటుంటాది? ఇంకోటి, 2025 నవంబర్ 21 నుంచి ఆ పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది, వృత్తి జబ్బుల పట్టిక అందులోనూ మూడో షెడ్యూలే. మీ కేసుకి పాతది పడుతుందా కొత్తది పడుతుందా అన్నది లాయరే తేల్చాలి. అంచేత మీరు లాయర్ దగ్గరికెళ్తే అడగాల్సిన మొదటి మాట ఫీజు కాదు, "మా నాన్న మానేసి ఇన్నేళ్ళయింది, గడువు సంగతి ఎలా చెప్తారు" అని అడగండి. ఆయన పుస్తకం తీసి చూసినా తప్పు లేదు, రెండ్రోజులు టైం అడిగినా మంచిదే. అదేం ఫరవాలేదండి మనం చూసుకుందాం అని చెయ్యూపేస్తే మాత్రం వేరే లాయర్ని చూసుకోండి.

కేసు గుజరాత్ వెళ్ళి వెయ్యాలేమో అని భయపడకండి. క్లెయిము చేసే మనిషి నివాసం ఉండే చోట వేసే వీలు ఉంది, కాబట్టి మన శ్రీకాకుళంలోనే కార్మిక శాఖలో ఈ కేసులు వినే అధికారి దగ్గర వెయ్యొచ్చు. కాంట్రాక్టర్ పోయాడు, దొరకడు అంటారా, పని చేయించుకున్న అసలు యజమాని కట్టాలి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర ఆయన వసూలు చేసుకోవచ్చు. ఓడల్లో ఆస్బెస్టాస్ ఉందన్న సంగతి మాకు తెలీదనడం కూడా కుదరదు, ఓడలు విరగ్గొట్టే పని మీద సుప్రీంకోర్టు 2003లోనే ఆదేశాలిచ్చింది. దానికి ముందు 1995 జనవరిలో ఆస్బెస్టాస్ పరిశ్రమల గురించి ఇచ్చిన తీర్పులో, కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం కింద హక్కని చెప్పి, ఆరోగ్య రికార్డులు పనిలో చేరిన దగ్గర్నించి 40 ఏళ్ళు లేదా మానేసాక 15 ఏళ్ళు, ఏది ఎక్కువైతే అంతవరకు దాచాలంది. ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీల కోసం ఇచ్చిన ఆదేశమే అయినా కార్మిక శాఖ దారి మూసుకుపోతే హైకోర్టులో రిట్ వెయ్యడానికి ఈ తీర్పే ఆధారం, ఆ సంగతి కూడా తెలిసిన లాయరైతే మీ అదృష్టం.

ఫీజు ముందే మాట్లాడుకోండి, మొత్తం ఇంత, ఎప్పుడెప్పుడు ఎంత అన్నది కాగితం మీద రాయించి ప్రతిసారీ రసీదు అడగండి. మొహమాటపడకండి, మంచి లాయర్ ఏమీ అనుకోడు. వకాల్తా (మీ తరఫున వాదించమని లాయర్‌కి ఇచ్చే కాగితం) మీద సంతకం పెట్టేముందు అందులో ఖాళీలన్నీ నింపించండి. మధ్యలో లాయర్ని మార్చుకోవాలన్నా మార్చుకోవచ్చు, ఫీజు బాకీ ఉందని మీ ఫైలు ఆపుకునే హక్కు లాయర్‌కి లేదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. అసలు డబ్బే లేదంటే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటాది, ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, పారిశ్రామిక కార్మికులకి ఉచితంగా లాయర్ని ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. ఉచితం కదా అని చిన్నచూపు చూడకండి. వచ్చిన లాయర్‌తో కూడా పైన చెప్పిన గడువు మాటే మొదట అడగండి.

నేను ప్రాక్టీసు మొదలెట్టిన కొత్తల్లో పలాస వైపు నుంచి ఒకాయన వచ్చారు, ఇలాంటి జబ్బే. ఆయన లుంగీ మడతలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసారు, అందులో లామినేషన్ చేయించిన గేట్‌పాసు ఒకటి, పీఎఫ్ స్లిప్పు ఒకటి, అంతే. ఆ రెండే కేసుని నిలబెట్టాయి. లేకుండా పోయింది మాత్రం బయాప్సీకి తీసిన ముక్క. అంతకు ముందు ఒక ఏజెంటు ఆస్పత్రి కాగితాలన్నీ పట్టుకుపోయాడు, మేము ఆస్పత్రికి వెళ్ళేసరికి ముక్క లేదన్నారు, కేసు మూడేళ్ళు ఎక్కువ లాగింది, తీర్పు వచ్చేసరికి ఆయన లేరు. అందుకే చెప్తన్నానమ్మా, పరీక్షకి తీసిన ముక్కని చిన్న మైనం బిళ్ళలో పెట్టి దాస్తారు, దాన్ని బ్లాక్ అంటారు, గాజు పలకల్ని స్లైడ్లు అంటారు. ఆ రెండూ కావాలని ఈ వారమే దరఖాస్తు పెట్టండి, ఇవ్వకపోతే భద్రంగా ఉంచమని రాతపూర్వకంగా అడిగి నకలు మీద స్టాంపు వేయించుకోండి. డిశ్చార్జి కాగితంలో ఏ పని చేసేవారు అన్న చోట కూలీ అని ఊరుకుంటారు, ఓడల్లో ఆస్బెస్టాస్ పీకేవారు అని డాక్టరు గారి చేత రాయించండి, ఆ ఒక్క లైను లక్షల విలువ చేస్తాది. మన ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇన్నేళ్ళయినా ఎవరూ తేల్చలేకపోతన్నారు, దీనికి ఆ బాధ లేదు, మెసోథెలియోమా వచ్చిందంటే చాలావరకు ఎక్కడో ఆస్బెస్టాస్ ఉన్నట్టే. ఎక్కడ, ఎవరి కింద అన్నది చూపించడమే మన పని.

అది చూపించగలిగేది నాన్న గారే. ఆయాసం తక్కువగా ఉండే పొద్దున్న పూట కూర్చోబెట్టి, ఏ యార్డు, మేస్త్రీ పేరేటి, పక్కన ఎవరు పనిచేసారు, మూతికి గుడ్డయినా ఇచ్చారా లేదా, ఇవన్నీ అడిగి రాయండి, ఫోన్లో వీడియో కూడా తియ్యండి. కేసు వేసిన వెంటనే ఇంటికే ఒక మనిషిని (దీన్ని కమిషన్ అంటారు) పంపి నాన్న గారి సాక్ష్యం నమోదు చెయ్యమని పిటిషన్ పెట్టమని లాయర్‌కి చెప్పండి, వాయిదాల కోసం ఆగొద్దు. గంజాం జట్టులో బతికున్నవాళ్ళ ఫోన్ నంబర్లు కూడా ఆ కాగితం మీదే రాసుకోండి. ఈలోపు కాంట్రాక్టర్ తరఫు వాళ్ళు ఎవరైనా వచ్చి యాభై వేలో లక్షో చేతిలో పెట్టి ఇక ఏ బాకీ లేదని సంతకం అడిగితే పెట్టకండి, చట్టం ప్రకారం కార్మికుడు తన పరిహారం హక్కు వదులుకుంటూ రాసిచ్చినా అది చెల్లదు, కానీ ఆ కాగితం చెల్లదని నిరూపించడానికి మళ్ళీ ఏడాది పడుతుంది.