మీ పేరుతో ఓటు పడిపోయిందంటే ఉత్త చేతులతో తిరిగి రావద్దు

ప్రశ్న: మా నియోజకవర్గంలో జరిగిన ఉప ఎన్నికలో సాయంత్రం పోలింగ్ కేంద్రానికి వెళితే, నా ఓటు అప్పటికే ఎవరో వేసేశారని సిబ్బంది చెప్పారు. ఇరవై ఏళ్లుగా ఒక్కసారీ ఓటు మానని నేను కన్నీళ్లతో వెనక్కి వచ్చేశాను. విదేశంలో ఉన్న మా తమ్ముడి ఓటు మిగిలే ఉంది, అది వేసేయమని ఒక ఏజెంటు అన్నా ధైర్యం చేయలేదు. ఫలితం వచ్చి రెండు నెలలయింది. ఈ ఎన్నికను రద్దు చేయించవచ్చా? వచ్చేసారి తమ్ముడి ఓటు నేను వేయవచ్చా?

జవాబు: మీరు ఫారం 17-బిలో, అంటే టెండర్ బ్యాలెట్ తీసుకున్న ఓటర్ల జాబితాలో, సంతకం చేశారా లేదా అన్న ఒక్క విషయం కోసమే మీ లేఖను రెండుసార్లు చదివాను. చేయలేదని అర్థమవుతోంది. ఎన్నికల నిర్వహణ నిబంధనలు, 1961లోని 49-పి ప్రకారం, ఒకరి పేరుతో వేరొకరు ముందే ఓటు వేసిపోయినా, అసలు ఓటరు వచ్చి తన గుర్తింపు గురించి ప్రిసైడింగ్ అధికారి అడిగిన ప్రశ్నలకు సరైన జవాబులు చెబితే, టెండర్ బ్యాలెట్ పత్రం ఇచ్చి తీరాలి. ఆ ఓటు యంత్రంలో పడదు, మామూలు లెక్కింపులోనూ చేరదు. అయినా ఆ రోజు మీరు వచ్చారనడానికి, మీ పేరుతో పడిన ఓటు మీది కాదనడానికి రికార్డులో నిలిచే సాక్ష్యం అదే. దాన్ని అడగకుండా వచ్చేయడం మీ అజాగ్రత్త.

ఎన్నిక రద్దు మాట ఇక వదులుకోండి. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 81వ సెక్షన్ ప్రకారం ఓటరు కూడా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయవచ్చు గానీ, అభ్యర్థి ఎన్నికైన తేదీ నుంచి 45 రోజుల్లోపే వేయాలి. ఆలస్యాన్ని మన్నించమని అడగడానికి కాలపరిమితి చట్టంలోని 5వ సెక్షన్ ఇక్కడ వర్తించదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. గడువులో వేసి ఉన్నా, ఆ ఒక్క ఓటు వల్ల ఫలితమే తారుమారైందని నిరూపించాల్సి వచ్చేది. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో కాంగ్రెస్ నేత సి.పి. జోషి ఒక్క ఓటుతో ఓడిపోయినట్లు తేడా అంత స్వల్పంగా ఉంటే తప్ప అది సాధ్యం కాదు.

తమ్ముడి ఓటు జోలికి మాత్రం ఎన్నటికీ వెళ్లకండి. ఆయన ఒప్పుకున్నా, ఉత్తరం రాసి ఇచ్చినా, మరొకరి పేరుతో ఓటు వేయడం భారతీయ న్యాయ సంహిత 172వ సెక్షన్ కింద నేరం, 174వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. తన బదులు మరొకరి చేత ఓటు వేయించుకునే వీలు సాయుధ దళాల వంటి కొన్ని వర్గాల సర్వీసు ఓటర్లకే ఉంది. ఆ ఏజెంటు మాట విని ఉంటే, ఈరోజు ఫిర్యాదుదారుగా కాక నిందితుడిగా నాకు లేఖ రాసేవారు.

మీ ఓటు వేసిన వ్యక్తి మీద ఫిర్యాదు చేయడానికి ఇంకా సమయం ఉంది. ఏడాది వరకు శిక్ష పడే నేరాన్ని కోర్టు విచారణకు స్వీకరించడానికి గడువు ఒక సంవత్సరం. ఓటు వేయడానికి వచ్చినవారి వివరాలు రాసే ఫారం 17-ఎ రిజిస్టరులో మీ పేరు ఎదుట ఆ వ్యక్తి సంతకమో వేలిముద్రో ఉంటుంది, అదే మీ అసలు సాక్ష్యం. సీలు వేసిన ఆ రిజిస్టరును కోర్టు ఉత్తర్వు లేకుండా తెరవరు, శాశ్వతంగా దాచనూ దాచరు. కాబట్టి ఈ వారంలోనే పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి, ఒక ప్రతిని రిటర్నింగ్ అధికారికి పంపండి, ఆ రిజిస్టరును భద్రపరచాలని అందులో స్పష్టంగా కోరండి. పోలీసులు కదలకపోతే న్యాయవాది ద్వారా మేజిస్ట్రేటును ఆశ్రయించండి.

వచ్చేసారి జాబితాలో మీ క్రమసంఖ్య ముందే చూసుకుని, గుర్తింపు కార్డుతో ఉదయాన్నే వెళ్లండి. టెండర్ బ్యాలెట్ నిరాకరిస్తే ఆ కేంద్రం వదలకముందే ప్రిసైడింగ్ అధికారికి రాసివ్వండి, ఓటర్ల సహాయ నంబరు 1950కి ఫోన్ చేయండి.