సాసరు బోర్లించి చూడండి

పాత టీ సెట్లపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మా తాతగారు 1942లో రంగూన్ నుంచి వచ్చేస్తూ పదిహేడు ముక్కల జపాన్ టీ సెట్టు తెచ్చారని ఇంట్లో చెబుతారు. కప్పును వెలుతురుకి పట్టుకుంటే అడుగున ఆడమనిషి ముఖం కనిపిస్తుంది. ఎప్పటిదో తెలుసుకోవడం ఎలా?
– పాఠకురాలు, బరంపురం

గోపాల్‌పూర్‌లో ఓడెక్కి రంగూన్ వెళ్ళొచ్చినవాళ్ళ ట్రంకు పెట్టెల్లో జపాన్ పింగాణీ రావడం వింతేమీ కాదు. 1942 అన్న మాట దగ్గరే కాస్త ఆగాలి. ఆ ఏడు జపాన్ సైన్యం బర్మా మీద పడడంతో చాలామంది కొండదారుల్లో కాలినడకన ప్రాణాలు దక్కించుకుని వచ్చారు. అలా వచ్చినవారు పదిహేడు పింగాణీ సామాన్లు మోసుకొచ్చారంటే నమ్మడం కష్టం. అంతకు ముందరి ప్రయాణంలో వచ్చి ఉండొచ్చు, లేదా తర్వాతెప్పుడో కొన్నది ఆ కథలో కలిసిపోయి ఉండొచ్చు.

సాసరు బోర్లిస్తే సగం తేలిపోతుంది. విదేశీ సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని అమెరికా 1891 నుంచి పట్టుబట్టింది. దాంతో జపాన్ వాళ్ళు తమ భాషలో దేశం పేరైన ‘నిప్పన్’ అని వేయడం మొదలుపెట్టారు. 1921లో ఆ మాట చెల్లదన్నాక ‘జపాన్’, ‘మేడ్ ఇన్ జపాన్’ వచ్చాయి. ‘మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే అది యుద్ధం ముగిశాక, 1952లోపు చేసినది. అంటే మీ 1942 కథ ఆ సెట్టుకి అతకదు. ఒక్క కప్పు చూసి తీర్పు చెప్పకండి. సెట్టులో కొన్నిటికే ముద్ర వేసేవారు, కాబట్టి అన్నీ తిప్పి చూడండి. ‘నిప్పన్’ అని దొంగ ముద్ర వేసిన కొత్త సరుకు కూడా బజారులో ఉంది.

ఆ ముఖం బొమ్మ గీసినది కాదు. మట్టి పచ్చిగా ఉండగానే అచ్చుతో ఎత్తుపల్లాలుగా ఒత్తుతారు. పలచటి చోట వెలుతురు ఎక్కువగా దిగుతుంది, మందమైన చోట నీడ పడుతుంది. పైన డ్రాగన్ బొమ్మ ఉబ్బెత్తుగా ఉంటే అది చిక్కటి మట్టిపూతతో పేర్చినది. కొబ్బరి పీచు తగిలితే పొలుసులు రాలిపోతాయి. ఇలాంటి సెట్లు ఎగుమతి కోసం విరివిగా చేశారు కనుక పెద్ద ధర ఆశించకండి, ఇంట్లోనే ఉంచుకోండి.

ఒక పాత బంగళా సామాను అమ్ముతున్నారు. 21 ముక్కల ఇంగ్లీషు బోన్ చైనా (ఎముకల బూడిద కలిపిన పింగాణీ) సెట్టు, ‘నూట యాభై ఏళ్ళది’ అంటున్నారు. కెటిల్ మాత్రం లేదు. అది పోయిన సెట్టు కొనవచ్చా?
– పాఠకుడు, పర్లాకిమిడి

కెటిల్ పోయిందని ఎందుకనుకోవాలి? ఇంగ్లీషు లెక్కలో 21 అంటే ఆరు కప్పులు, ఆరు సాసర్లు, ఆరు చిన్న ప్లేట్లు, ఒక కేకు ప్లేటు, పాల జగ్గు, పంచదార గిన్నె. కెటిల్ చాలాసార్లు విడిగానే అమ్మేవారు. 12 మందికైతే 40 ముక్కలు: కప్పు, సాసరు, ప్లేటు తలో పన్నెండు, కేకు ప్లేట్లు రెండు, జగ్గు, గిన్నె. పైగా ‘21 ఉన్నాయి’ అన్న మాట మీద బేరం ఆడకండి. కప్పు, సాసరు, ప్లేటు మూడూ బాగున్న జతలు ఎన్నో లెక్కపెట్టి, వాటికే ధర కట్టండి.

ఇక వయసు. ముద్రలో ‘ఇంగ్లండ్’ అని ఉంటే ఇంచుమించు 1891 తర్వాతది. ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని గానీ ‘బోన్ చైనా’ అన్న మాట గానీ ఉంటే ఇరవయ్యో శతాబ్దం సరుకే అనుకోండి. అప్పుడు నూట యాభై ఏళ్ళు అన్నది అమ్మేవాడి సరదా. ముద్ర కింద ‘స్థాపితం 1775’ లాంటి అంకె ఉంటే అది కంపెనీ పుట్టిన ఏడు, కప్పు పుట్టినది కాదు. చాలామంది మోసపోయేది ఇక్కడే. ‘ఆర్.డి. నంబరు’ ఉంటే ఆ డిజైను 1884లో గానీ తర్వాత గానీ నమోదైనది. 1900 నాటికి ఆ నంబర్లు మూడున్నర లక్షలు దాటాయి. ఏడు లక్షల నంబరున్న కప్పు విక్టోరియా రాణి కాలానిది కాలేదు. 1842 నుంచి 1883 వరకు నంబరుకు బదులు వజ్రం ఆకారపు ముద్ర వేసేవారు.

చూడడానికి పగటిపూటే వెళ్ళండి, చేతిలో టార్చి ఉండాలి. కప్పును మూడు వేళ్ళ కొసల మీద నిలిపి అంచును పెన్సిలుతో మెల్లగా తట్టండి. బోన్ చైనా గంటలా మోగి కాసేపు నిలుస్తుంది. ‘డబ్’ మని ఆగిపోతే ఎక్కడో వెంట్రుకవాసి పగులు ఉన్నట్టే. లోపల టార్చి పెడితే ఆ గీత బయటపడుతుంది. మందపాటి మట్టిసామాను ఎలాగూ మోగదు, దానికి ఈ పరీక్ష పనికిరాదు. తర్వాత కళ్ళు మూసుకుని అంచు చుట్టూ గోరు నడపండి. పెచ్చు ఊడిన చోటు కన్ను కంటే గోరుకే ముందు తెలుస్తుంది. పిడి అతుకులు, కెటిల్ ముక్కు కొస, మూత లోపలి అంచు తప్పక చూడండి. అతికించి రంగు వేసిన చోటును చీకటి గదిలో దొంగనోట్లు పట్టే నీలి లైటు కింద పెడితే, చుట్టూ ఉన్న గ్లేజు (గాజులాంటి పైపూత) ఒక రంగులో, అతుకు ఇంకో రంగులో కనిపిస్తుంది. పిడి అతికించిన కప్పును అలంకారానికి తీసుకోవచ్చు గానీ అందులో వేడి టీ పోయకూడదు. వేడికి జిగురు మెత్తబడి పిడి చేతిలోనే ఉండిపోతుంది.

వెండి టీ సెట్టు అనుకుని చింతపండుతో తోమించాం. ఇప్పుడు అక్కడక్కడ పసుపు చాయ తేలింది. మోసపోయామా?
– పాఠకురాలు, రాయగడ

అడుగున ‘ఈపీఎన్ఎస్’ అని ఉందా? ఉంటే మోసం లేదు, తోమడమే తప్పు. అది రాగి, జింకు, నికెల్ కలిసిన లోహం మీద వెండి పూత. చింతపండు, ముగ్గుపిండి, ఇత్తడి తోమే పొడి ఇత్తడి బిందెలకి సరే, ఇక్కడ ప్రతి తోముడుకీ పూత కొంచెం పోతుంది. పోయిన చోట కింది లోహం తేలుతుంది. పూత వేసేవాళ్ళ చేత మళ్ళీ వేయించవచ్చు గానీ చెక్కిన నగిషీ పలచబడుతుంది. మేమైతే అలాగే ఉంచమంటాం.

నలుపు మాత్రమే పోవాలంటే ప్లాస్టిక్ టబ్బులో అల్యూమినియం ఫాయిల్ పరిచి, లీటరు వేడినీళ్ళలో ఒక టేబుల్ స్పూను వంటసోడా కలిపి, వస్తువు ఫాయిల్‌కి తగిలేలా రెండు మూడు నిమిషాలు ఉంచండి. చెక్క పిడి ఉన్న కెటిల్‌ని మాత్రం ఇందులో ముంచకండి. దాచేటప్పుడు రబ్బరు బ్యాండు వేయకండి. రబ్బరులోని గంధకం తగిలిన చోట నల్లటి చార పడుతుంది.

పాత కప్పుల్లో సాలెగూడులా గోధుమరంగు గీతలు వచ్చాయి. రోజూ టీ తాగవచ్చా?
– పాఠకుడు, జయపురం

వద్దు. లోపలి మట్టి, పైన గ్లేజు ఒకే తీరున సంకోచించకపోతే గ్లేజు చిట్లుతుంది. ఆ సందుల్లో టీ దిగి మరక పడుతుంది. పాత గ్లేజుల్లో, పైరంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. నిమ్మకాయ టీ లాంటి పులుపుకి అది మరింత ఊరుతుంది.

మరక తేలిక కావాలంటే మందుల షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ అడగండి. సీసా మీద 6 శాతం అని ఉంటే సమానంగా నీళ్ళు కలపండి. కప్పును ముందు గంటసేపు మంచినీళ్ళలో నాననిచ్చి, తర్వాత ఒక రోజు ఇందులో ముంచి మూతపెట్టండి. మళ్ళీ ఒక రోజు నీళ్ళలో ఉంచి, నీడన నాలుగు రోజులు ఆరబెట్టండి. బంగారు అంచు ఉంటే ఈ పని పెట్టుకోకండి. బ్లీచింగ్ పౌడరు అసలే వద్దు. దాని ఉప్పు సందుల్లో గడ్డకట్టి గ్లేజును లేపేస్తుంది.

అమెరికాలో ఉన్న మా అమ్మాయి అమ్మమ్మ గారి సెట్టు తీసుకెళ్తానంటోంది. పర్మిషన్ కావాలా?
– పాఠకురాలు, ఛత్రపురం

వందేళ్ళు దాటిన కళాత్మక వస్తువును 1972 పురావస్తువుల చట్టం ప్రకారం సొంతంగా దేశం దాటించకూడదు. వయసు మీద అనుమానం ఉంటే భారత పురావస్తు శాఖ నుంచి ‘పురావస్తువు కాదు’ అన్న సర్టిఫికెట్ ముందే తీసుకోవాలి. 1950ల నాటి జపాన్ కప్పులకి ఈ బాధ లేదు. ముద్ర ఫోటో ఒకటి ఫోనులో పెట్టుకుంటే చాలు. కప్పులో కప్పు దూర్చకుండా దేనికది నూలుగుడ్డలో చుట్టాలి. ప్లేట్లను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి సర్దాలి. సెట్టు మొత్తం చేతిసామానులోనే వెళ్ళాలి.