ఇంటి సంగతి చెప్పబోతున్న మేనకోడలికి

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అయిన మేనకోడలిని ఆశీర్వదించి విజయనగరం నుంచి నీ మేనత్త వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీ అత్తగారి మోకాళ్ల నొప్పి ఎలా ఉన్నదో తెలియజేయగలవు.

నెలకు రెండు ఆదివారాలు ఆమదాలవలసలో మీ ఇంటి వసారాలో చుట్టుపక్కల ఆడవాళ్లను కూర్చోబెట్టి, ప్రతిసారీ ఒక నవలను చదవమని చెప్పి, దానికి తోడుగా మన ఇళ్లలో జరిగిన సంగతి ఒకటి వినిపించాలని నీవు నిశ్చయించుకున్నావట. మీ నాన్న మొన్న ఫోనులో చెప్పాడు. 31 సంవత్సరాలు శాఖా గ్రంథాలయాల్లో పుస్తకాలు ఇచ్చి, తీసుకొని, ఊడిన అట్టలు అంటించి బతికినదాన్ని. మన ఇంటి పిల్ల ఒకతె మళ్లీ ఆ పనికి పూనుకున్నదని వినగానే నా కళ్లు చెమ్మగిల్లాయి. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. నవల చెప్పడం నీకు వచ్చు. ఇంటి సంగతి చెప్పడం దగ్గరే నాకు భయం పట్టుకుంది. అందుకే ఫోనులో చెప్పి ఊరుకోకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను.

తేలికైన మాటలు ముందు చెప్పేస్తాను. చివరి పుట దాకా నీవు చదవని నవలను ఎవరికీ చదవమనవద్దు. ముగింపు బయటపెట్టవద్దు. పుస్తకం ఎవరికిచ్చినా, వాళ్లు మన చుట్టాలే అయినా, తేదీ వేసి నోటుపుస్తకంలో సంతకం పెట్టించుకో. సాయంత్రం ఐదింటికి ముందే ముగించు. పొయ్యి ముట్టించుకోవలసినవాళ్లు మొహమాటానికి కూర్చుంటే ఇంకోసారి రారు.

నవలల ఎంపిక విషయంలో నేను మీ నానమ్మ దగ్గర నేర్చుకున్నదే నీకూ చెబుతాను. ఆవిడకు అక్షరం రాదు. వారపత్రిక ఇంటికి రాగానే నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, తాను చింతపండు గింజ తీస్తూ, సీరియలు చదివించుకునేది. వర్ణన ఎక్కువైతే చెయ్యి అడ్డం పెట్టి, "ఆ వానను వదిలెయ్యమ్మా, ఆ పిల్లకి బండి దొరికిందా లేదా చెప్పు" అనేది. వారం వారం ఆ పుటలను చించి దాచి, సీరియలు పూర్తయ్యాక దబ్బనంతో కుట్టి, మైదా జిగురుతో అట్ట అంటించి, పుస్తకం చేయించేది. అలా కుట్టినవి నాలుగు ఇప్పటికీ నా పెట్టెలో ఉన్నాయి. చదువుతున్నంతసేపూ ఆవిడ మధ్యలో ఏదో ఒకటి అంటూనే ఉండేది: "ఇది మన పెద్దకోడలి మాటే", "మా నాన్న ఇలా అనేవాడు కాడు, ఊరుకునేవాడు." నవల పక్కన ఇంటి సంగతిని పెట్టి చూడడం ఎవరో కనిపెట్టిన పద్ధతి కాదు తల్లీ, మన ఆడవాళ్లు ఎప్పుడూ అలాగే చదివారు. అయితే ఆవిడ అన్న మాటలు ఆ వంటింటి గోడలు దాటలేదు. ఆ తేడాను మరచిపోవద్దు.

మొదటి ఆదివారానికి కందుకూరి వీరేశలింగం పంతులుగారి 'రాజశేఖర చరిత్రము' తీసుకో. 1878లో 'వివేకవర్ధని' పత్రికలో మొదలై, 1880లో పుస్తకంగా వచ్చిన ఆ నవలను తెలుగు నవలకు మొదలుగా చాలామంది లెక్కిస్తారు. భాష పాతదని జంకవద్దు. నీవే రెండు పుటలు గట్టిగా చదివి వినిపించు, చెవికి అలవాటు పడుతుంది. ధవళేశ్వరంలో ఒక గృహస్థు ముఖస్తుతికి లొంగి, బంగారం చేసి పెడతానన్న యోగిని నమ్మి, ఉన్నది పోగొట్టుకొని ఊరు విడిచిన కథ అది. మన నవల పుట్టడమే ఒక సంసారం నడివాకిట్లో పుట్టిందని నీ వాళ్లకు అర్థమైతే, తరువాతి పుస్తకాలకు వాళ్లే చెయ్యి చాపుతారు. వ్యవసాయపు ఇళ్ల నుంచి వచ్చేవాళ్లకు వాసిరెడ్డి సీతాదేవి 'మట్టి మనిషి' ఇవ్వు. సాంబయ్యకు పొలం మీదున్న ప్రాణం వాళ్లకు వేరే వివరించనక్కరలేదు. మన విశాఖ సీమ మనిషి రావిశాస్త్రి రాసిన 'అల్పజీవి' కూడా తప్పక చెప్పు. కాని ఆ రోజున ఇంటి సంగతి చెప్పనే వద్దు. సుబ్బయ్య భయాల గురించి నీవు నాలుగు మాటలు చెప్పేసరికి ప్రతి ఇల్లాలికీ తన ఇంట్లోని ఒక మనిషి గుర్తుకు వస్తాడు. ఆ మనిషిని ఆమె మనసులోనే ఉండనివ్వాలి. నవల చదివే తీరిక లేదన్నవాళ్లకు ఒక మంచి కథ చేతిలో పెట్టు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన కథానిలయం మీకు పక్కనే శ్రీకాకుళంలో ఉంది, ఒక పూట వెళ్లి చూసి రా.

ఇక నేను చేసిన తప్పు.

1987లో నేను పనిచేస్తున్న ఊరి గ్రంథాలయంలో శనివారం సాయంత్రాలు వసారాలో చాపలు పరిపించి, ఆడవాళ్లకు నవలలు చెప్పేదాన్ని. నన్ను ఎవరూ చెయ్యమనలేదు. మా బీరువాల్లో నవలలు మురిగిపోతూ ఉంటే, రెండు వీధుల అవతల దుకాణంలో అవే నవలలను ఆడవాళ్లు రోజుకింత అని అద్దె కట్టి తీసుకెళుతున్నారు. దినపత్రికల కోసం వచ్చిన మగవాళ్లు బల్లల నిండా కూర్చుంటారు గనుక, గ్రంథాలయం తమది కాదని వాళ్లు అనుకునేవారు. ఆ బాధతో మొదలుపెట్టాను. ఆరుగురితో మొదలై పాతికమంది దాకా అయ్యారు. ఆ సంఖ్య నా తలకెక్కింది.

ఒక శనివారం డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' చెప్పాను. విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ, తండ్రిని తానే పోషిస్తూ, తన బతుకును తన ఇష్టప్రకారం బతకాలని పట్టుపట్టిన ఇందిర గురించి నాకు చేతనైనంత బాగా చెప్పాను. అందరూ విన్నారు గాని, నేను ఎదురుచూసిన కదలిక ఎవరి ముఖంలోనూ కనబడలేదు. వెనుక కూర్చున్న ఒక పెద్దావిడ, "ఇలాంటి పిల్లలు పుస్తకాల్లోనే ఉంటారమ్మా" అన్నది. నాకు పౌరుషం వచ్చింది. ఎందుకుండరు, మా చుట్టాల్లోనే ఉన్నదంటూ, నాకు వరసకు ఆడపడుచు అయిన ఒకామె బతుకును ఆ పాతికమంది ముందు విప్పి చెప్పాను.

పేరు మార్చాను. ఊరు మార్చాను. ఆమె చేసే ఉద్యోగాన్ని కూడా మార్చాను. వాళ్ల ఇంట్లో ఎప్పుడూ ఒకే చోట ఉండే ఒక వస్తువును మాత్రం, కథకు అందం వస్తుందని, ఉన్నది ఉన్నట్లుగా చెప్పాను. అది ఏ వస్తువో ఇక్కడ రాస్తే ఆ తప్పునే మళ్లీ చేసినదాన్ని అవుతాను. అంతటితో ఆగానా? నా కథ ఇందిర కథకు చక్కగా సరిపోవాలని ఆమె జీవితంలో జరగనివి రెండు కలిపి, జరిగినది ఒకటి తీసేశాను. ఆ సాయంత్రం ముగ్గురు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. పుస్తకం కోసం పద్నాలుగుమంది పేర్లు రాయించుకున్నారు. ఇంటికి వెళ్లి ఎంతో గర్వంగా అన్నం తిన్నాను.

విన్నవాళ్లలో ఒకామె పుట్టిల్లు ఆ ఆడపడుచు ఉండే వీధిలోనే ఉందని నాకు తెలియదు.

పది రోజుల తరువాత, దీపాలు పెట్టే వేళకు, ఆ ఆడపడుచు బస్సు దిగి నేరుగా గ్రంథాలయానికి వచ్చింది. నా పేర తీసుకెళ్లిన రెండు పుస్తకాలను బల్ల మీద పెట్టి, రిజిస్టరులో కొట్టెయ్యమన్నది. కొట్టేశాను. అప్పుడు అన్నది: "వదినా, నీవు చెప్పిన కథలో పిల్ల నాకంటే చాలా మంచిదట. ఆమె కోసం అందరూ ఏడ్చారట. ఇక మీదట నన్ను చూసినవాళ్లందరూ ఆమెనే చూస్తారు." గొంతు పెంచలేదు. దినపత్రికలు చదువుతున్న మగవాళ్లలో ఒక్కరు కూడా తల ఎత్తలేదు. ఆమె వెళ్లిపోయాక నేను దీపం వెయ్యడం మరచి చీకట్లోనే కూర్చున్నాను.

ఆరేళ్లపాటు పెళ్లిళ్లలో ఎదురుపడితే కుశలం అడగడమే తప్ప మా మధ్య మాట లేదు. ఆమె ఉద్యోగ విరమణ చేసిన తరువాత ఒకనాడు తానే కబురు పెట్టి, ఆ నవలను పంపమని అడిగింది. చదివి, నన్ను రమ్మన్నది. రెండు మధ్యాహ్నాలు కూర్చోబెట్టి, జరిగినది జరిగినట్లుగా తానే చెప్పింది. ఆ చెప్పినది నేనల్లిన కథకంటే ఎంతో లోతైనది. ఇందిర కథకు దానికి పోలికే లేదు. ఆ రెండు మధ్యాహ్నాల మాటలు నాతోనే పోతాయి. ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందు ఆమెకు ఫోను చేసి, ఆనాటి సంగతిని నీకు రాయవచ్చునా అని అడిగాను. "నీవు చేసినది రాసుకో వదినా, నాది రాయకు" అన్నది. ఆమె ఒప్పుకున్నంత మేరకే ఇది రాశాను.

పేరు మారిస్తే సరిపోతుందని నీవు అనుకుంటూ ఉంటావు. నీ పంతం నాకు తెలుసు. పేరును బట్టి ఎవరూ గుర్తుపట్టరు. తలుపు చప్పుడును బట్టి, కూరలో వేసే పోపును బట్టి, ఒకరు అలవాటుగా అనే మాటను బట్టి గుర్తుపడతారు. నా రోజుల్లో ఒక మాట వీధి దాటడానికి పది రోజులు పట్టింది. ఇప్పుడు నీ ముందు కూర్చున్న పిల్లల్లో ఎవరో ఒకరు ఫోనులో రికార్డు చేసి పంపితే, నీ ఆదివారం ముగియక ముందే అది హైదరాబాదులో ఉన్న మీ ఆడపడుచు చెవిన పడుతుంది. ఇంటి సంగతి మొదలుపెట్టేటప్పుడు ఫోనులన్నింటినీ ఒక బుట్టలో పెట్టించు. నన్ను చాదస్తురాలని అనుకున్నా సరే, ఈ ఒక్క పని తప్పకుండా చెయ్యి. మీ అత్తగారి సంగతి ఆవిడను అడగకుండా, అది ఊరగాయ జాడీ సంగతే అయినా, ఆ వసారాలో ఎత్తవద్దు. ఆవిడ లోపలి గదిలో అన్నీ వింటూ ఉంటారు. రేపు మీరిద్దరూ ఒకే పొయ్యి దగ్గర నిలబడవలసినవాళ్లు.

గట్టిగా రాశానని బాధపడకు. నీవు ఏడేళ్ల పిల్లవైనప్పటి వేసవి సెలవులు నాకు గుర్తుకు వచ్చాయి. రాత్రి డాబా మీద పడుకొని కథ చెప్పమనేదానివి. ఏ చిన్న వివరమైనా మారితే లేచి కూర్చొని, "అత్తా, నిన్న ఆ ఎద్దు నల్లదన్నావు" అని నిలదీసేదానివి. ఉన్నదాన్ని ఉన్నట్లు పట్టుకోవాలనే ఆ గుణం నీలో ఇంకా ఉన్నదని నా నమ్మకం. నవలకు సరిపోయేలా ఇంటి సంగతిని కత్తిరించబోతే, ఆ ఏడేళ్ల పిల్ల లేచి కూర్చోవాలి. రెండూ ఒకదానికొకటి కుదరని చోటు వచ్చినప్పుడు దానిని దాచకు. అక్కడే ఆగి, వాళ్లతో మాట్లాడించు. నా అనుభవంలో మంచి మాటలన్నీ అక్కడే పుట్టాయి.

'రాజశేఖర చరిత్రము'నే చూడు. ఆ గృహస్థు బంగారం మీది ఆశతో మోసపోయాడు. మన ఇంట్లో మీ నానమ్మ కూడా డబ్బు పోగొట్టుకుంది. మన వీధిలో చీటీలు నడిపిన మనిషి ఒకనాడు ఇంటికి తాళం వేసి కుటుంబంతో సహా వెళ్లిపోయాడు. పైకి రెండూ ఒకటే అనిపిస్తాయి. కాని మీ నానమ్మకు ఆశ లేదు, గుడ్డి నమ్మకమూ లేదు. నా కాలేజీ ఫీజుకు మీ తాతగారిని అడిగితే చదువు మాన్పిస్తారని, పాలు అమ్మిన డబ్బు దాచి, ఆయనకు తెలియకుండా ఆ చీటీ కట్టింది. రాజశేఖరుడిని చూసి విచారించే నీ వాళ్లు మీ నానమ్మను ఏమంటారో వినాలని నాకు ఉంది. ఆవిడ లేదు గనుక అనుమతి మేము ఇవ్వాలి. ఫీజు సంగతి నాది. దానిని నీవు చెప్పుకోవచ్చు, నా పేరుతోనే చెప్పు.

మిగిలిన సగం మీ నాన్నది. నెలనెలా ఆ డబ్బును జేబులో పెట్టుకొని వెళ్లి కట్టి వచ్చినవాడు అప్పటికి పదేళ్ల పిల్లవాడైన మీ నాన్నే. ఆ తాళం ముందు అతను ఎంతసేపు నిలబడ్డాడో, ఇంటికి వచ్చి అమ్మతో ఏమన్నాడో నాకు ఈనాటికీ చెప్పలేదు. చీపురుపల్లి వెళ్లినప్పుడు అడుగు. రాత్రి భోజనమైన తరువాత, ఇంకెవరూ లేనప్పుడు అడుగు. వద్దంటే నా సగం మాత్రమే చెప్పి ఊరుకో.

మొదటి ఆదివారానికి నేను ఉదయం రైలుకు వస్తాను. మీ నానమ్మ కుట్టిన పుస్తకాల్లో ఒకటి తెస్తున్నాను, అందరికీ చూపించవచ్చు.

ఆశీస్సులతో,
నీ మేనత్త