ఒకే మోతాదు, వేర్వేరు ఫలితాలు: హైడ్రోజన్ పెరాక్సైడ్ గురించి

నమస్కారమండీ. 200 మైక్రోమోలార్ హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక వారం సగం కణాలను చంపిందనీ, కొత్త మీడియం (కణాలను పెంచే పోషక ద్రావణం) సీసా తెరిచిన మరుసటి వారం అదే మోతాదు ఏ ప్రభావమూ చూపలేదనీ మీరు రాశారు. కణాలను అనుమానించే ముందు ఆ సీసా మీది వివరాలు చదవండి. డీఎంఈఎం అనే మీడియంలో కొన్ని రకాలలో 1 మిల్లీమోలార్ సోడియం పైరువేట్ ఉంటుంది; అది పెరాక్సైడ్‌తో ఒకటికి ఒకటి చొప్పున నేరుగా చర్య జరిపి అసిటేట్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా మారుతుంది కనుక, మీరు వేసిన 200 మైక్రోమోలార్‌లో అధికభాగం కణాలను చేరకముందే ఖర్చయిపోతుంది. పైరువేట్ లేని మీడియంలో మళ్ళీ చేసి చూడండి.

స్టాక్‌ను (పలుచన చేయని గాఢ పెరాక్సైడ్ ద్రావణాన్ని) కూడా నమ్మవద్దు. 30 శాతం ద్రావణం తాజాగా ఉన్నప్పుడు సుమారు 9.8 మోలార్ ఉంటుంది గానీ, మూత తీసిన సీసాలో క్రమంగా బలహీనపడుతుంది. దానిని 10 మిల్లీమోలార్‌కు పలుచన చేసి 240 నానోమీటర్ల కాంతి వద్ద కొలిస్తే, 1 సెంటీమీటరు క్యువెట్‌లో (చిన్న కొలత పాత్రలో) కాంతి శోషణ సుమారు 0.43 రావాలి.

కణాల సాంద్రతను ప్రతిసారీ ఒకేలా ఉంచడం నా దృష్టిలో తప్పనిసరి, ఎందుకంటే కణాలు ఎక్కువైతే వాటిలోని కెటలేజ్ అనే ఎంజైమ్ పెరాక్సైడ్‌ను త్వరగా విచ్ఛిన్నం చేస్తుంది.